కథలో లేని బస్సు

2018 నాటి సంగతి. ప్రొద్దుటూరులో ఒక దూరవిద్య స్టడీ సెంటర్ ఉండేది. ఒక కాలేజీ మేడమీద నాలుగు గదులు తీసుకుని ఆదివారాలు మాత్రం నడిపేవాళ్ళు. వారమంతా జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పి, ఆదివారం అక్కడ ఎం.ఏ. తెలుగు వాళ్ళకు పాఠం చెప్పేదాన్ని. వీటిని కాంటాక్ట్ క్లాసులంటారు. బంగారు అంగళ్ళలో పనిచేసేవాళ్ళు, అంగన్‌వాడీ టీచర్లు, ఆర్టీసీ కండక్టర్లు వచ్చేవాళ్ళు. ఆదివారం పూట చదువుకోవాలని వచ్చారంటే వాళ్ళకు ఎంత ఆశ ఉందో చూడండి. ఆ క్లాసు అంటే నాకు ప్రాణం.

రాలేనివాళ్ళు అసైన్‌మెంట్లు రాసి పంపాలి. అంటే ఇచ్చిన ప్రశ్నకు ఇంటి దగ్గరే జవాబు రాసి పంపితే, మేము దిద్ది వెనక్కి ఇస్తాం. ఆ మార్కులు ఏడాది చివరి పరీక్షలో కలుస్తాయి. కాగితం మీద రోల్ నంబరు చూసి దిద్దుతాం. పేరు ఎక్కడో మూల ఉంటుంది, దాన్ని చూసే తీరిక ఎవరికీ ఉండదు. పిల్లలు నాకు ఎర్రపెన్ను మేడం అని పేరు పెట్టారు. పాఠంలో లేనిది ఎవరైనా సొంతంగా కల్పించి రాస్తే ఎర్రగీత కొట్టి, పక్కన 'కథలో లేదు' అని రాసేదాన్ని. ఆ పేరు విని లోలోపల మురిసిపోయేదాన్ని కూడా, అబద్ధం ఎందుకు?

మా సిలబస్‌లో కథానిక పేపరు ఉండేది. అందులో సగానికి పైగా పాత కథలే. చాలా కథల్లో ఒక గది, ఆ గదిలో ఒక ఆడమనిషి. వాటిలో ఒకటి, మేడ మీద గదికే పరిమితమైపోయిన ఒక కోడలి కథ. ఆమెకున్నదల్లా ఒక కిటికీ, కింద వీధి. ఈ కథలు చెప్పేటప్పుడు నేను డిక్టేట్ చేసే నోట్సు పద్దెనిమిదేళ్ళుగా ఒకటే: 'ఒంటరితనం మొదట కాలాన్ని మింగుతుంది, రోజూ వారమూ ఒకటైపోతాయి. తర్వాత గొంతును మింగుతుంది, మాట్లాడే అలవాటే పోతుంది.' కళ్ళు మూసుకుని చెప్పగలను. నిజంగానే కళ్ళు మూసుకుని చెప్పాననే సంగతి ఆ ఏడాది తెలిసింది.

ఆ ఏడాది ఓబుళరెడ్డి అని లింగాల వైపు నుంచి ఒక పెద్దాయన తన కోడలి అసైన్‌మెంట్లు తెచ్చి ఇచ్చేవాడు. తెల్ల పంచె, మెడలో తువ్వాలు, చేతిసంచిలో ఎప్పుడూ నాలుగు చీనీకాయలు, అదే బత్తాయిలు. మొదటిసారి వచ్చినప్పుడే అన్నీ చెప్పాడు. కొడుకు జమ్మలమడుగు రోడ్డులో బైకు మీద నుంచి పడి చనిపోయాడట. భర్త పోయిన మనిషి ఏడాది తిరిగేదాకా గడప దాటకూడదనేది ఆ ఇంటి పద్ధతి.

"చదువు మాత్రం ఆపొద్దన్యా మేడం. గదిలోనే కూచోని చదువుకో బిడ్డా, కాయితాలు నేను తీసకపోతా అన్యా. ఇంట్లో ఆడోళ్ళు ఒప్పుకోల్యా. నేనే ఒప్పిచ్చినా," అన్నాడు.

ఆ మాట అనేటప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు. ఎంత మంచి మామ దొరికాడని నేనూ అనుకున్నాను.

మొదటి అసైన్‌మెంటులో ప్రశ్న ఆ మేడగది కథ గురించే. అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. కానీ రెండో పేజీలో కథ దారి తప్పింది. 'ఆమె గదికి కిటికీ చూరు కింద ఉంది. అందులోంచి ఏమీ కనపడదు, వినపడుతుంది. పులివెందుల బస్సు మలుపులో రెండుసార్లు హారన్ కొడుతుంది. అది విని ఆమె పొద్దెంతయిందో తెలుసుకుంటుంది' అని రాసింది. నాకు ఒళ్ళు మండింది. ఆ కథ రాసిన కాలంలో పులివెందుల బస్సు ఎక్కడిది? కింద ఎర్రగీత కొట్టి, 'కథలో లేదు. పాఠం మళ్ళీ చదవండి' అని రాసి, ఇరవైకి తొమ్మిది వేశాను.

రెండోది రెండు నెలల తర్వాత వచ్చింది. ఇందులో ఆ కోడలు గోడ మీది బల్లితో మాట్లాడుతుంది. తన గొంతు తనకే కొత్తగా వినపడి ఉలిక్కిపడుతుంది. తర్వాత బల్లితో కూడా మాట్లాడడం మానేస్తుంది. మళ్ళీ ఎర్రగీత, మళ్ళీ అదే మాట. ఈసారి ఎనిమిది.

మూడోది ఒక గురువారం ఇంటి దగ్గర దిద్దడానికి తీశాను. చదువుతుంటే ఎక్కడా గీత కొట్టే పని లేదు. పెద్దాయన చేత పంపిన నా నోట్సును నాకే అప్పజెప్పినట్టు, కామాలతో సహా రాసింది. సంతోషపడి పద్దెనిమిది వేసి, 'చాలా బాగుంది' అని రాశాను. చివరి పేజీ తిప్పితే అడుగున పెన్సిల్‌తో, సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంది.

'మేడం, ఈసారి కథలో లేనిదేదీ రాయలేదు.'

ఆ వాక్యం చదివి పెన్ను కింద పెట్టేశాను. చూరు కింద కిటికీ, బస్సు హారన్, బల్లి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆమె కథ గురించి రాయలేదు. నాకు ఉత్తరం రాసింది. రెండుసార్లు రాసింది. రెండుసార్లూ నేను మార్కులు కోసి వెనక్కి పంపాను. అప్పుడు మొదటి పేజీకి పోయి పేరు చూశాను. సుజాత.

ఆదివారం దాకా ఆగడం తప్ప దారి లేదు. ఫోను చేద్దామంటే ఆమె చేతిలో ఫోను లేదు. పెద్దాయనకు చేసి ఏమని అడగాలి? కంగారుపడి మాట జారితే అసైన్‌మెంట్లు కూడా ఆపేస్తారేమోనని భయం.

ఆదివారం ఆయన వచ్చాడు. కాగితాలు ఇవ్వకుండా కుర్చీ చూపించి అడిగాను. "సుజాత ఎట్లుంది పెద్దాయనా?"

"బాగుండాది మేడం. శానా అణకువ. నోట్లో నుంచి మాట రాదు."

"ఎప్పట్నుంచి మాట్లాడ్డం ల్యా?"

ఆయన తువ్వాలు సర్దుకుంటూ ఆలోచించాడు. "రెండు నెల్లయింటాది. ఏమన్నా కావాలంటే చీటీ రాసి గడప కాడ పెడ్తాది."

"ఏం కావాలని రాస్తాది?"

"నీళ్ళని," అన్నాడు మామూలుగా.

పద్దెనిమిదేళ్ళుగా డిక్టేట్ చేసిన నోట్సు ఆయన నోట వింటున్నాను. ఆ క్షణాన నా జీవితంలో ఎన్నడూ చేయని పని చేశాను. లేని రూలు ఒకటి పుట్టించాను.

"ఈ కోర్సుకు వైవా ఉంది పెద్దాయనా. అంటే మేము అడుగుతాం, ఆయమ్మ నోటితో జవాబు చెప్పాల. వైవా కాకుంటే మూడు అసైన్‌మెంట్ల మార్కులూ పోతాయి."

పక్క టేబుల్ దగ్గర చరిత్ర చెప్పే మాస్టారు తలెత్తి నా వైపు చూశాడు. మా కోర్సులో వైవా లేదని ఆయనకు బాగా తెలుసు. ఏమీ అనకుండా మళ్ళీ తల దించుకున్నాడు. ఆ మేలు నేను మరిచిపోను.

"ఇంగ నాలుగు నెల్లే గదా మేడం. ఏడాది తిరిగినాక పిల్చకొస్తా."

"అంతవరకు ఆగేదానికి కాదు."

"అట్లయితే మీరే రాండి. కారు బయటే ఉండాది."

దారిపొడవునా నాకు ఒకటే గుబులు. ఈయన ఎవరినైనా అడిగితే నా అబద్ధం బయటపడుతుంది. పడితే నా ఉద్యోగం సంగతి తర్వాత, ఆ తలుపు మళ్ళీ ఎవరికీ తెరుచుకోదు. పులివెందుల దాటాక రోడ్డుకు రెండువైపులా చీనీ తోటలు. ఆయన ఏ తోట ఎవరిదో చెబుతున్నాడు. ఒక్క మాటా నా చెవిన పడలేదు.

ఇంటి వసారాలో సుజాత అత్తగారు కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. "ఏడాది తిరగని ఇంట్లో ఈ పరీచ్చలేంది?" అని మొగుడిని అడిగింది. ఆయన, "గవర్మెంటు రూలంట, ఊరుకో," అని నన్ను లోపలికి తీసుకెళ్ళాడు.

వెనకవైపు చివరి గది. తలుపుకు గడియ లేదు, ఓరగా వేసి ఉంది. చూరు కింద కిటికీ. చాప మీద ఇరవై ఆరేళ్ళ పిల్ల, మాసిన చీర, దువ్వని తల. పక్కన నా ఎర్రగీతలున్న రెండు అసైన్‌మెంట్లు, మడత పడకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. నేను చాప మీద కూర్చున్నాను. పెద్దాయన గడప అవతల నిలబడ్డాడు.

సులువైన ప్రశ్నలతో మొదలుపెట్టాను. కథలో కోడలి పేరేమిటి, ఆమెను మేడగదిలో ఎందుకు ఉంచారు అని. ఆ పిల్ల నోరు తెరిచింది. పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది, రాలేదు. భయంగా గడప వైపు చూసి, పెన్ను అందుకుని కాగితం మీద రాయబోయింది. నేను పెన్ను తీసేసుకున్నాను. అంత కఠినంగా నేను ఏ పరీక్షలోనూ లేను.

"వైవా అంటే నోటితోనే చెప్పాలమ్మా," అన్నాను.

సరిగ్గా అప్పుడు బయట బస్సు హారన్ కొట్టింది. రెండుసార్లు. నేను కిటికీ వైపు చూశాను. ఆ పిల్ల కిటికీ వైపు చూడలేదు, నేను చూడడాన్ని చూసింది.

"సుజాతా," అన్నాను. "కథలో ఉన్నది ఇంక చాలు. కథలో లేనిది చెప్పు. ఈసారి మార్కులు దానికే."

చాలాసేపు పట్టింది. నీళ్ళ చెంబు అందించాను, తాగింది. బొంగురు గొంతు, మధ్యలో తెగిపోతూ, ఎట్టకేలకు బయటికొచ్చింది.

"ఆయమ్మను ఎవురూ తిట్టరు మేడం. అందరూ మంచోళ్ళే. టయానికి సంగటి పెడ్తారు. గడప కాడ పెట్టి పోతారు. పేరు పెట్టి మాత్రం ఎవురూ పిలవరు. 'లోపలుండే మనిషి' అంటారు." ఆగి ఊపిరి తీసుకుంది. "ముందు బస్సు సప్పుడును బట్టి పొద్దు తెలిసేది. ఇప్పుడు అది వస్తాందో పోతాందో తెల్ల. వాళ్ళ మామ కాయితాలు తెచ్చినరోజు మాత్రం, ఓహో ఆదివారమని తెలుస్తాది."

గడప దగ్గర పెద్దాయన కదిలాడు. నేను అటు తిరగలేదు.

"ఇంగ?" అన్నాను.

"మొదట్లో ఆయమ్మకు శానా భయం ఉండె. ఈ గదిలోనే సచ్చిపోతానేమోనని. ఇప్పుడు ఆ భయం పోయింది మేడం. పోయినాక బాగుండాది."

ఈ మాట నా నోట్సులో లేదు. కాలం పోతుందని తెలుసు, గొంతు పోతుందని తెలుసు. చివరికి భయం పోతుందని, దాని తర్వాత పోవడానికి ఇంకేమీ మిగలదని నేను ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా.

పెద్దాయన గొంతు వినపడింది. "మేడం, ఇదంతా ఆ కథలో ఉండాదా?"

"ఉందప్పా," అన్నాను. "ఇన్నాళ్ళూ నేనే సరిగ్గా చదవల్యా."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, ఇంకోసారి తుడుచుకున్నాడు. తర్వాత ఎనిమిది నెలల్లో మొదటిసారి గడప దాటి గదిలోకి వచ్చాడు.

"సుజాతా," అన్నాడు. "లేమ్మా. బయటికి పోదాం రా."

వసారాలో అత్తగారు పెద్ద గొంతుతో అడ్డం తగిలింది. ఊరేమంటుందని, పోయినవాడి ఆత్మ ఏమవుతుందని అడిగింది. ఆమె ఏడుపులోనూ కొడుకే ఉన్నాడు, నాకు కోపం రాలేదు. పెద్దాయన, "ఒగ బిడ్డను మట్టి చేసినాం, చాల్లే," అని మాత్రం అని, కోడల్ని వసారా దాటించాడు. బయట ఎండకు ఆ పిల్ల కళ్ళు తెరవలేకపోయింది. చేతులు అడ్డం పెట్టుకుని చాలాసేపు అట్లే నిలబడింది.

ఆ తర్వాత అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. కడపలో ఒక డాక్టరమ్మ దగ్గర నెలల తరబడి చూపించుకున్నారు. మాట అంత త్వరగా తిరిగి రాలేదు. అత్తగారు కొన్నాళ్ళు మొగుడితో మాట్లాడలేదు. అయినా ప్రతి ఆదివారం ఆయన కోడల్ని క్లాసుకు తెచ్చి, అయిపోయేదాకా మెట్ల కింద కూర్చునేవాడు. పరీక్షలు పులివెందులలో రాసింది. ఇప్పుడు పెండ్లిమర్రి దగ్గర ఒక బడిలో తెలుగు చెబుతోంది. వైవా సంగతి ఆయన నన్ను ఎప్పుడూ అడగలేదు. తర్వాత ఎవరైనా చెప్పే ఉంటారు.

నేను వేసిన ఆ తొమ్మిదిని దిద్దుదామని చూశాను. మార్కులు అప్పటికే పైకి వెళ్ళిపోయాయి, మార్చడానికి వీల్లేదన్నారు. ఆమె రాసిన వాటన్నిటిలో గొప్పదానికి రికార్డులో ఈనాటికీ తొమ్మిదే ఉంది. ఆ కాగితం ఆమెనడిగి తెచ్చుకుని నా బీరువాలో పెట్టుకున్నాను.

ఇప్పటికీ పేపర్లు దిద్దుతాను, ఎర్రపెన్నుతోనే. ఎవరైనా కథలో లేనిది రాస్తే మాత్రం పెన్ను పక్కన పెడతాను. మొదటి పేజీకి పోయి, ముందు పేరు చదువుతాను.