చిన్న గొంతులు ముందు

మొన్న అబిడ్స్‌లో ఫోన్లు బాగుచేసే దుకాణాల గల్లీలో మా అమ్మాయి ఫోను చూపిద్దామని నిలబడ్డాను. లోపల ఎవరో సోల్డరింగ్ చేస్తుంటే ఆ పొగ గుప్పున ముక్కుకు తగిలింది. పక్కనున్నావిడ కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం అది అనసూయక్క వంటింటి వాసన. ఆవిడ పోపుల డబ్బా పక్కనే సోల్డరింగ్ కడ్డీ ఉండేది. పప్పు ఉడికేలోపు రెండు తీగలు అతికించి, అదే చేత్తో చింతపండు పిసికేది. తిన్నవాళ్లం ఎవరం పోలేదు లెండి.

అక్క బషీర్‌బాగ్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. నాంపల్లిలో ఆవిడ ఇంటి పై వాటాలో మేం కిరాయికి ఉండేవాళ్లం. నేను అబిడ్స్‌లో బ్యాంకు ఉద్యోగం చేసేదాన్ని. హ్యామ్ రేడియో అని, లైసెన్సు తీసుకుని సొంత సెట్ల మీద ఊళ్లో వాళ్లతోనూ పై ఊళ్ల వాళ్లతోనూ మాట్లాడుకునే పిచ్చి ఒకటి ఉంది. అది ఆవిడకు ఉన్నది చాలక నాకూ అంటించింది. పరీక్ష రాయించి, లైసెన్సు వచ్చాక చేతిలో ఇమిడే ఒక సెట్టు కొనిపించింది.

కొన్నాళ్లకే ఆ సెట్టు మూగబోయింది. బ్యాటరీ మార్చాను. ఏరియల్ విప్పి తుడిచి బిగించాను. పక్కనే ఉన్న స్టేషన్‌లో రైళ్ల మీది కరెంటు తీగలే అడ్డొస్తున్నాయని వాటిని నోటికొచ్చినట్టు తిట్టాను. చివరికి స్క్రూడ్రైవర్ పట్టుకుని కిందికి దిగాను.

“లోపలేదో కాలిపోయిందక్కా. విప్పేద్దాం.”

“ఏం కాలలే. బుస్సుమని మోత వస్తుందని గీ నాబ్ మొత్తం తిప్పినవా ఏంది?”

“తలనొప్పి వచ్చి తిప్పాను.”

ఎవరూ మాట్లాడనప్పుడు వచ్చే ఆ మోతను అణచడానికే సెట్టు మీద ఆ నాబ్ ఉంటుంది. మరీ ఎక్కువ తిప్పితే సన్నని గొంతులు కూడా మోతతో పాటే ఆగిపోతాయి. అక్క దాన్ని వెనక్కి తిప్పగానే గది నిండా హోరు. ఆ హోరు అడుగున ఎవరో పెద్దాయన మాట్లాడుతూనే ఉన్నాడు.

“మోతకు భయపడి తలుపేసుకున్నవ్. దాని ఎంబడి మనిషి గూడ బయటనే నిలవడ్డడు,” అంది అక్క. “ముందు నీ చెయ్యి ఏం జేసిందో చూస్కోవాలె. సెట్టును ఎన్క తిట్టొచ్చు.”

ఆ పెద్దాయన ఉస్మాన్‌గంజ్ రంగయ్యగారు. ఆదివారం పొద్దున ఊళ్లో హ్యామ్‌లందరూ రేడియోలో కలిసేవారు. అక్క తన మిద్దె మీద కూర్చుని ఆ కూడికను నడిపేది. గొంతు సన్నగా అందేవాళ్లను ముందు పిలవడం హ్యామ్‌ల ఆనవాయితీ. చాలామంది మొక్కుబడిగా పిలిచి వదిలేస్తారు. అక్క మాత్రం పిలిచి, ఆగేది. రంగయ్యగారి పాత సెట్టు గరగరల్లోంచి ఒక్కో మాటా ఏరుకునేది. ఈలోగా నా టీ చల్లారిపోయేది.

“ఆయనతో ఇంతసేపయితే మిగతావాళ్ల సంగతేంటక్కా?” అని ఒకసారి విసుక్కున్నాను.

“గట్టిగున్నోళ్లు ఎప్పుడు పిలిచినా పల్కుతరు. గాయన బ్యాటరీ అయిపోతే మళ్ల వారందాకా ఎవ్వలతోని మాట్లాడ్తడు? అయినా మీ కోస్తోళ్లకు ముందు మాట్లాడుడు, ఎన్క వినుడు.”

నాకు ఒళ్లు మండేది. అందులో నిజం ఉన్నందుకు ఇంకా మండేది.

కొన్నేళ్లకు అక్క గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ అయింది. మాట వస్తుందో రాదో పలికి చూస్తేనే తెలుస్తుందన్నారు డాక్టర్లు. కానీ అక్క నోరు తెరవలేదు. క్లాసులోనూ రేడియోలోనూ మాటతోనే బతికిన మనిషి. ప్రయత్నించాక రాకపోతే ఇక ఆశ కూడా ఉండదని భయం. నాకూ అదే భయం.

ఒక ఆదివారం నర్సమ్మను అడిగి సెట్టు దవాఖానకు తీసుకెళ్లాను. అప్పటికి కొత్త సెట్టు కొనుక్కున్న రంగయ్యగారే అక్క బదులు కూడిక నడుపుతున్నారు. అందరి గొంతులూ వింటే అక్కకు ధైర్యం వస్తుందని నా ఆశ. బ్యాటరీ తక్కువగా ఉంటే గోడకు చార్జరు పెట్టి సెట్టు వేశాను. చెవులు చిల్లులు పడేలా గుర్రుమంది. మాట అన్నది లేదు. కిటికీ తెరిచాను. ఏరియల్ నిలబెట్టాను, వంచాను. అక్క చెంచాతో మంచం కమ్మీ మీద కొడుతోంది.

“ఉండక్కా, చూస్తున్నాగా!”

మళ్లీ కొట్టింది. అప్పుడు తిరిగి చూశాను. వేలు చార్జరు వైపు చూపిస్తోంది. నేను పెట్టిన చార్జరే! ఊడబెరికితే గుర్రు ఠక్కున ఆగి, రంగయ్యగారు పలికారు. తెల్లమొహం వేసుకున్న నన్ను చూసి అక్క కళ్లతోనే నవ్వింది. ఆపరేషన్ తర్వాత అదే మొదటి నవ్వు.

“సన్నగ వినవడేటోళ్లు ముందు రాన్రి,” అంటున్నారు రంగయ్యగారు.

అక్క చెయ్యి చాచింది. సెట్టు ఇచ్చాను. మాట్లాడే మీట నొక్కింది. ఊపిరి తప్ప ఏమీ రాలేదు. మీట వదిలేసి గోడ వైపు తిరిగింది. నాకు ఏడుపు ఆగలేదు.

“ఎవరో మీట నొక్కిన్రు. మాట రాలే,” అన్నారు రంగయ్యగారు. “ఫికర్ లేదు. మేం ఆగుతం.”

ఆగారు. ఊళ్లో ఇన్ని సెట్లుంటే ఒక్కరు కూడా మధ్యలో దూరలేదు. ఆ నిశ్శబ్దం సాగుతూ ఉంటే అక్క మెల్లగా ఇటు తిరిగి మళ్లీ మీట నొక్కింది.

“ఇంటున్న.”

చిరిగిపోయిన గొంతు. పక్కనున్న నాకే సరిగా అందలేదు.

“అనసూయమ్మా,” అన్నారు రంగయ్యగారు. “మంచిగ వినవడ్డది తల్లీ.” పచ్చి అబద్ధం.

ఆ గొంతుతోనే అక్క మళ్లీ పాఠాలు చెప్పింది, నన్ను దెప్పింది. ఇప్పుడు అక్క లేదు. ఆదివారాల కూడిక నా చేతికి వచ్చింది. సన్నని గొంతుల్ని పిలిచి నేను ఆగుతుంటే కొత్తవాళ్లు విసుక్కుంటారు, ఎవరూ లేరు కదా, ముందుకు పోనివ్వమంటారు. ఎవరూ లేరని వాళ్లకెలా తెలుసు? ఎక్కడో ఒకరు మీట మీద వేలుంచి ధైర్యం కూడగట్టుకుంటూ ఉండొచ్చు. ఇంకాసేపు ఆగుతాను.