చివరి రీలు డబ్బా

డెబ్బైల నడుమ, ఖతర్‌లో చమురు డబ్బు పొంగుతున్న రోజులు. సముద్రం ఒడ్డున ఒక ఆయిల్ కంపెనీ క్యాంపులో నేను ప్రొజెక్టర్ ఆపరేటర్‌ని. గురువారం పొద్దుగూకగానే ఆరుబయట తెర కట్టి బొమ్మ వేసేవాణ్ని. మాకున్నది ఒక్కటే ప్రొజెక్టర్. రీలు అయిపోగానే దీపాలు వేసి ఇంకోటి ఎక్కించాలి. ఆ సందులో ఇంగ్లీషు రాని మనవాళ్లు నా చుట్టూ మూగి కథ చెప్పించుకునేవాళ్లు. చదువు లేకపోయినా, ఒకసారి చూసిన బొమ్మను నేను మరిచిపోను.

ఆ వారం వచ్చింది పాత హాలీవుడ్ ప్రేమకథ. ఏదో నవల నుంచి తీశారట. నేను అంతకుముందే ఒకసారి చూసిన బొమ్మ. చివర్లో పడవ మునిగి హీరో చనిపోతాడు. అతను ప్రేమించిన పిల్ల ఒడ్డున ఎదురుచూస్తూనే ఉంటుంది. నవల చదివిన దొరసానులు ముందే రుమాళ్లు తెచ్చుకున్నారు.

మొదటి రీలు తిరుగుతుండగా క్యాంప్ బాస్ వచ్చాడు. హైదరాబాద్ మనిషి. నా చెవిలో అన్నాడు: "రిగ్గు మీద డ్యూటీ దిగినోళ్ల బోటు ఇంకా రాలే. వైర్‌లెస్ పలుకుతలే. ఎవ్వరికీ చెప్పకు, బొమ్మ ఆపకు. అందరూ జెట్టీ మీదికి ఉరికితే ఆగమైతది."

ఆ బోటులో రహీం ఉన్నాడు, సముద్రంలో చమురు తోడే ఆ రిగ్గు మీద వంటమనిషి. అతని భార్య మహబూబ్ బీ ఒక దొర ఇంట్లో ఆయా, మా నిజామాబాద్ వైపు మనిషి. దొరసాని పక్కనే కూర్చుని బొమ్మ చూస్తోంది.

చీకట్లో రీలు తిరిగినంతసేపూ ఫరవాలేదు. దీపాలు వేయాలంటేనే భయం. వెలుతురు పడగానే అందరి ముఖాలూ నావైపే తిరిగేవి.

చివరి రీలు డబ్బా ఇంకా తెరవకముందే మహబూబ్ బీ వచ్చింది.

"అన్నా, మా దొరసాని రెండు రుమాల్లు తెచ్చుకుంది. పిల్లగాడు సస్తడా ఏంది?"

"చావడు చెల్లె. ఇంటికొస్తడు. బొమ్మ అయిపోయింది."

"మరి గా డబ్బ?"

"ఖాళీది."

ఆమె డబ్బా ఎత్తి చూసింది. "ఖాళీదైతే గింత బరువేంది?" అని నవ్వబోయి, నా ముఖం చూసింది. నవ్వు ఆగిపోయింది. "అన్నా, మా ఆయన బోటు వచ్చిందా?"

నేను జెట్టీ వైపు చూశాను. వెనక నుంచి "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ కేకలు. ఆమె డబ్బాను గుండెకు అదుముకుని నిలబడిపోయింది. ఆమె ఇవ్వలేదు, నేను అడగలేదు.

అంతలో జెట్టీ వైపు నుంచి బాస్ చేతులూపుతూ వచ్చాడు. "ఇంజన్ ఆగిందంట! ఇంకో బోటు గుంజుకొచ్చింది. అందరూ సలామత్!"

మహబూబ్ బీ డబ్బా నా చేతిలో పడేసి చెప్పులు వదిలి పరుగెత్తింది.

మర్నాడు రహీంను వెంటబెట్టుకుని వచ్చింది. "అన్నా, ఇప్పుడు ఆ రీలెయ్యి."

"అది ఏడుపు రీలు చెల్లె."

"ఎరికే. ఈన పక్కనున్నడు గద, ఇప్పుడైతే ఏడ్వచ్చు."

"రాత్రి నుంచి ఏడుస్తనే ఉంది అన్నా, ఇంకా సాల్లేదంట," అన్నాడు రహీం.

ఆ తర్వాత అక్కడ పనిచేసినన్నాళ్లూ, ఏడుపు బొమ్మ వచ్చిందంటే ముందు జెట్టీకి పోయి, ఆనాటి బోటు ఒడ్డుకు చేరిందా అని అడిగేవాణ్ని. చేరిందంటేనే చివరి రీలు ఎక్కించేవాణ్ని.