గీత దాటిన రైఫిల్

మా బావ హాల్వర్‌ది చెయ్యి ముందు, మాట తర్వాత. బారులో ఎవడో మా అక్క సిగ్రిడ్‌ని ఏదో అన్నాడని వాడి పళ్ళు రెండు రాలగొట్టి, వాటిని వెతకడానికి మళ్ళీ తనే టార్చి పట్టుకున్నాడు. అలాంటి మనిషి తుపాకులు తయారుచేసే తన గరాజులో రైఫిల్ గొట్టం చేతిలోకి తీసుకుంటే మాత్రం చంటిపిల్లను ఎత్తుకున్నట్టే ఉండేవాడు. బిట్టర్‌రూట్ లోయ మొత్తంలో అంత నున్నగా ఇనుము కోసేవాడు లేడు.

మోంటానాలో తయారై మోంటానాలోనే ఉండే తుపాకికి వాషింగ్టన్‌లోని ఫెడరల్ ప్రభుత్వం చట్టాలు వర్తించవని ఆ ఏడు మా రాష్ట్రం చట్టం చేసింది. ఇనుము మీద 'మోంటానాలో తయారైనది' అని ముద్ర కొడితే చాలట. బావ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఫెడరల్ లైసెన్సు పొయ్యిలో పడేశాడు. ప్రతి తుపాకి మీదా ఫెడరల్ వాళ్ళు కొట్టమనే వరుస నంబర్లు మానేసి, ఆ ముద్ర ఒక్కటే కొట్టడం మొదలుపెట్టాడు. మా కౌంటీ పోలీసులకు పెద్ద, షెరీఫ్ డ్వేన్ తనకూ అలాంటి రైఫిల్ ఒకటి చేయించుకున్నాడు.

"ఫెడరల్ వాళ్ళొస్తే నేను లేనా ఏంట్రా? నా కౌంటీలో నిన్ను ముట్టుకోవాలంటే ముందు నన్ను దాటాలి," అన్నాడు డ్వేన్, మా అక్క చేసిన మాంసం కూర మూడోసారి వడ్డించుకుంటూ.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్తాను. అక్టోబరులో వేటకెళ్ళి, బావ ఇచ్చిన రైఫిల్‌తో ఎల్క్ అనే పెద్ద జాతి దుప్పి పోతును ఒకదాన్ని కొట్టాను. గుండు పొట్టలో దిగింది. అది పేగులు ఈడ్చుకుంటూ శిఖరం దాటి అవతలికి దిగిపోయింది. దెబ్బతిన్న జంతువును నరకయాతనకు వదిలేసి ఇంటికొచ్చేవాణ్ణి మా వాళ్ళు మనిషిగా చూడరు. మంచులో నెత్తుటి చార పట్టుకుని వెళ్ళాను. దాని మెడలో రెండో గుండు దించి, మోచేతుల దాకా రక్తంతో పొట్ట చీలుస్తుంటే అటవీ అధికారి ఒకడు వచ్చాడు. రైఫిల్ తిప్పి చూశాడు.

"దీనికి నంబరేదయ్యా?"

"అక్కర్లేదండీ. మోంటానా సరుకు!" అన్నాను, మీసం మెలేసినంత పొగరుగా.

"మరి నువ్వు నిలబడింది ఐడహోలో కదా. మీ రాష్ట్రం గీత ఆ శిఖరం దగ్గరే అయిపోయింది," అన్నాడు వాడు, రాసుకుంటూ.

ఈ సంగతి బావకు చెప్పలేదు. భయపడ్డాను, అంతే.

మూడు వారాలకు, పొద్దున్నే అక్క పెనం మీద పాన్‌కేకులు వేస్తుండగా నాలుగు నల్ల బళ్ళు వచ్చాయి. వెనకాలే డ్వేన్ జీపు. "చూశావా, డ్వేన్ వచ్చాడు. ఇప్పుడు వీళ్ళ సంగతి చూస్తాడు," అంటూ బావ రైఫిల్ పట్టుకుని నవ్వుతూ గుమ్మం దిగాడు. నేనూ వెంటే దిగాను. డ్వేన్ మాత్రం వెళ్ళి వాళ్ళ పక్కనే నిలబడ్డాడు.

"హాల్వర్, అది కింద పెట్టరా. బతిమాలుతున్నాను."

"నా తుపాకి ఒక్కటి కూడా రాష్ట్రం దాటలేదురా!"

"ఒకటి దాటింది," అన్నాడు ఫెడరల్ ఏజెంటు.

బావ నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా గస్. దాటిందా?"

"లేదు బావా," అన్నాను.

ఆయనకు అంతే చాలు. "అబద్ధాలకోరు నాయాలా!" అంటూ రైఫిల్ మడమతో ఏజెంటు మొహం మీద బాదాడు. దవడ విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఇద్దరు మీద పడ్డారు. ఒకడి ముక్కు తలతో పగలగొట్టి విదిలించుకున్నాడు. రైఫిల్ గొట్టం పైకి లేచింది. డ్వేన్ కాల్చాడు. రెండుసార్లు.

ఒకటి గొంతులో దిగింది. అక్క పిండి చేతులతో పరుగెత్తుకొచ్చి ఆ చిల్లును నొక్కి పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం ఉబికింది. బావ కాళ్ళు కంకరను తన్నుకుంటూ తన్నుకుంటూ ఆగిపోయాయి. డ్వేన్ జీపు చక్రం పక్కన కూలబడి వాంతి చేసుకున్నాడు.

రైఫిల్ గీత దాటినా దాటకపోయినా కేసు కేసేనని, రాష్ట్రం చట్టం వాళ్ళను ఆపలేదని తర్వాత లాయరు చెప్పాడు. ఆ ముక్కతో నాకు ఊరట ఏమీ లేదు. దాటిందని నేను ఒప్పుకుని ఉంటే బావ ఏజెంటును వదిలేసి నా మీదికి వచ్చేవాడు.

అక్కకు నిజం చెప్పడానికి ఆరేళ్ళు పట్టింది. వంటింట్లో, నిలబడే చెప్పాను. చెంప మీద కొట్టింది. పిడికిలితో మళ్ళీ కొట్టింది. పెదవి చిట్లి నోట్లోకి నెత్తురొచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆమె చేతులు నొప్పి పుట్టి ఆగిపోయినప్పుడు, ఇంకా కొట్టమని అడిగాను.