లూషా షాపులో ఆగిపోయిన మొదటి ఆట

అక్టోబరు రెండో శనివారం సాయంత్రం ఆరు గంటలకి లూషా మకోర్టాఫ్ తన స్కీల షాపులో సినిమా వేస్తుంది. ఇరవై మూడేళ్ళుగా అంతే. అప్పటికి కెనడాలోని మా కూట్నీ కొండల మీద మంచు ఇంకా సరిగ్గా పట్టదు. ఊరంతా ఎప్పుడెప్పుడా అని ఆకాశం కేసి చూస్తూ ఉంటుంది. ఏ యేడు కొత్తగా తీసిన స్కీ సినిమా అయినా, మా ఊరు ఆల్డర్ ఫోర్క్స్‌లో మొదటి ఆట లూషా గోడ మీదే పడాలి. ఆ పూట బూట్ల అరలన్నీ వెనక్కి జరిపి బల్లలు వేస్తాం. కిటికీలకి దుప్పట్లు కడతాం. లూషా పెద్ద గుండిగ నిండా క్యాబేజీ, మీగడ వేసి బోర్ష్ సూపు కాస్తుంది. రష్యా నుంచి వలసొచ్చిన వాళ్ళ దుఖోబోర్ ఇళ్ళలో చేసినట్టే బఠాణీ ముద్ద కూరిన పిరాహీలు మూడొందలు కాలుస్తుంది. టికెట్టూ గికెట్టూ ఏమీ లేదు. ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకోవాలి, అంతే.

ఆ షాపులో స్కీల అంచులు సానపట్టేది, మైనం పూసేది నేను. పన్నెండేళ్ళయింది. సినిమా రోజున ప్రొజెక్టర్ మీట కూడా నా చేతిలోనే ఉంటుంది. కాబట్టి పోయినేడు జరిగింది ఎవరో చెబితే విన్నది కాదు.

లూషాకి అరవై ఒకటి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. తండ్రి కలప మిల్లులో రంపం దగ్గర పనిచేసేవాడు. అన్నలిద్దరూ వాడి పారేసిన స్కీలని కోసి పొట్టి చేసి, తొమ్మిదో ఏట కాలికి కట్టుకుంది. మిల్లు మూతపడ్డాక ఊళ్ళో సగం మంది వెళ్ళిపోతే, తను ఖాళీగా పడి ఉన్న మాంసం కొట్టు అద్దెకి తీసుకుని షాపు పెట్టింది. పైకప్పుకి ఉన్న ఇనప కొక్కేలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు వాటికి స్కీలు వేలాడుతుంటాయి. షాపు ఒక ఎత్తు, ఆమె రెండో పని ఇంకో ఎత్తు. మంచు చరియలు విరిగిపడితే మనుషుల్ని వెతికే దళం ఒకటుంది మాకు. జీతం లేదు, పిలిస్తే పరిగెత్తడమే. అందులో ఇరవయ్యేళ్ళు చేసింది. మంచు కింద నుంచి ఏడుగుర్ని తవ్వి తీసింది. ముగ్గురు బతికారు. మిగతా నలుగురి సంగతి ఎప్పుడూ ఎత్తదు.

పోయినేడు ఫిబ్రవరిలో డారెన్ విక్ అనే అతను తన బృందంతో మా ఊరొచ్చాడు. స్కీ సినిమాలు తీస్తాడు. కెమెరా ముందు దూకే కుర్రవాడి పేరు కీగన్. వాడితోపాటు ఇంకో ఇద్దరు. మూడు వారాలున్నారు. లూషా వాళ్ళకి మేడమీది గది ఇచ్చింది, స్కీలు బాగుచేయించింది, ఏ గుట్ట ఎప్పుడు నమ్మొచ్చో ఎప్పుడు నమ్మకూడదో పొద్దున్నే కూర్చోబెట్టి చెప్పింది. పదిహేడో తారీకున ముక్కుబండ అనే గుట్ట వైపు వెళ్ళొద్దంది. వెళ్ళారు. చరియ విరిగింది. కీగన్ దాని కిందపడ్డాడు.

తక్కిన ఇద్దరు కుర్రాళ్ళకి చేతులాడలేదు. ఒకడు అరుస్తున్నాడు, ఇంకొకడు నిలబడ్డచోటే నిలబడిపోయాడు. అదే సమయంలో పక్క గట్టు మీద ఇర్మా బ్రెసాన్ ఉంది. ఇర్మా మా బడి బస్సు తోలుతుంది. పొద్దున పిల్లల్ని దింపాక మధ్యాహ్నం రెండున్నర దాకా ఖాళీ, ఆ ఖాళీలో ఒంటరిగా కొండెక్కి దిగడం ఆమెకి అలవాటు. చరియ చప్పుడు విని దిగి వచ్చింది. కొండెక్కేవాళ్ళందరి ఒంటి మీదా ఉండే సిగ్నల్ పెట్టెతో కీగన్ ఎక్కడున్నాడో పట్టుకుంది, పొడుగాటి కడ్డీ గుచ్చి చూసింది, ఆ ఇద్దరి మీదా కేకలేసి పారలు పట్టించింది. పదకొండు నిమిషాలకి మొహం బయటపడింది. నీలంగా ఉందట. ఊపిరి ఊది తెప్పించింది. హెలికాప్టర్ చప్పుడు వినబడ్డాక గడియారం చూసుకుని వెళ్ళిపోయింది, బస్సుకి వేళవుతోందని. ఆ రోజు బస్సు ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు.

ఇదంతా మాకు చెప్పింది ఇర్మా కాదు. డారెనే. ఆ సాయంత్రం మా గల్లా బల్ల మీద మోచేతులాన్చి ఏడ్చాడు. "ఆవిడే లేకపోతే కీగన్ లేడు లూషా. సినిమాలో ఆవిడకి పెద్ద పీట వేస్తాం, చూస్తూ ఉండు. మొదటి ఆట నీ షాపులోనే," అన్నాడు. నేను ఆ పక్కనే మైనం గీకుతున్నాను. నా చెవులతో విన్నాను.

అక్టోబరు వచ్చింది. షాపు కిక్కిరిసిపోయింది. నూట నలభై మంది దాకా ఉంటారు. డారెన్, కీగన్ ఇద్దరూ వచ్చారు. ఇర్మాని లూషా బతిమాలి మరీ పిలిపించింది. ఆమె ముందు వరసలో గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, పెళ్ళివారింట్లో తెలియని బంధువులా ఇబ్బందిగా.

"ఏమే, జుట్టు దువ్వుకున్నావే!" అంది లూషా.

"నోర్ముయ్. సూపులో ఉప్పు తక్కువైంది," అంది ఇర్మా.

మొదటి సగం బాగుంది. నిజం చెప్పుకోవాలి. మా కొండలు తెరమీద అంత అందంగా ఉంటాయని మాకే తెలియదు. జనం ఈలలేశారు. తర్వాత ముక్కుబండ వచ్చింది. చరియ విరగడం చూపించారు. ఇర్మా గిన్నె కింద పెట్టింది.

ఆ తర్వాత తెరమీద ఎండ కాసింది. ఆ రోజు ఎండ లేదు. పొద్దున్నుంచీ మంచు కురుస్తూనే ఉంది, ఊరందరికీ గుర్తే. ఎండలో ఆ ఇద్దరు కుర్రాళ్ళు మెరిసిపోయే కొత్త కోట్లు వేసుకుని, కొత్త పారలు పట్టుకుని పరిగెత్తారు. పారల మీద కంపెనీ ముద్ర తెర నిండా పడింది. కీగన్ నెత్తిమీద నిలబడి తవ్వారు. "నాలుగు నిమిషాలు" అని అక్షరాలు పడ్డాయి. సంగీతం హోరెత్తింది. కీగన్ మంచులోంచి లేచి, మొహం తుడుచుకుని నవ్వాడు. ఇర్మా లేదు. పట్టీలతో అతికించిన ఆమె పాత నారింజ కోటు లేదు. ఆమె చేయి, నీడ, గొంతు, ఏదీ లేదు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ళకేం తెలుసు.

"ఆపు," అంది లూషా నా పక్కకి వచ్చి.

నాకు అర్థం కాలేదు.

"ఆపమన్నానా!"

మీట నొక్కాను. దీపాలు వేశాను. లూషా తెర ముందుకి వెళ్ళి నిలబడింది. చేతిలో గరిటె అలాగే ఉంది.

"డారెన్, ఇది ఎప్పుడు తీశారు?"

డారెన్ నవ్వబోయాడు. "లూషా, పూర్తిగా చూశాక మాట్లాడుకుందాం..."

"ఎప్పుడు తీశారూ అని అడిగా."

"రెండు రోజుల తర్వాత. ఆ రోజు తీసింది మసగ్గా వచ్చింది, ఏమీ కనబడదు. పారల కంపెనీ వాళ్ళు డబ్బు పెట్టారు, వాళ్ళ సరుకు కనబడాలంటారు. సినిమా అన్నాక ఇవన్నీ ఉంటాయి."

"బతికొచ్చినవాడిని మళ్ళీ తీసుకెళ్ళి పాతిపెట్టి, నవ్వరా అన్నారన్నమాట."

వెనక నుంచి ఎవరో, "సినిమా నడవనీ లూషా, పాఠం తర్వాత చెబుదువుగానీ!" అన్నారు. కొందరు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. లూషా వాళ్ళ కేసి కూడా చూడలేదు. ముందు వరస చివర కూర్చున్న పదేళ్ళ పిల్లని అడిగింది, మంగలి షాపు వాళ్ళమ్మాయి.

"చెప్పమ్మా. మీ నాన్న మంచు కింద ఉన్నాడనుకో. కడ్డీకి తగిలాడు. ఎక్కడ నిలబడి తవ్వుతావు?"

"ఆయన మీద నిలబడి," అంది ఆ పిల్ల ధీమాగా. "ఇప్పుడు వాళ్ళు తవ్వారుగా, అలా."

షాపులో నవ్వు ఆగిపోయింది. దళంలో పనిచేసిన ముసలాయన ఒకాయన అరచేత్తో మొహం కప్పుకున్నాడు.

"విన్నారా?" అంది లూషా. "మీద నిలబడితే లోపలున్న కాస్త గాలి సందూ మన బరువుకే పూడిపోతుంది. వాలులో కిందికి దిగి పక్కనుంచి తవ్వాలి. ఈ గదిలో ప్రతి డిసెంబరూ గొంతు చించుకుని చెబుతున్నాను నేను. ఇరవయ్యేళ్ళు చెప్పిందంతా నువ్వు అర నిమిషంలో తుడిచిపెట్టావు డారెన్, నీ పార మెరవడం కోసం. నాలుగు నిమిషాలట! ఆ నాలుగు నిమిషాలు నమ్మి రేపు ఎవడైనా వెళ్తే, వాణ్ణి తవ్వడానికి నువ్వొస్తావా?"

"ఎవరినీ తక్కువ చెయ్యాలని కాదు..."

"తక్కువ చెయ్యడం కాదు, లేకుండా చేశావు. ఇదిగో, కూర్చుని ఉంది ఇక్కడ! ఆమె ఎదుటే చూపించడానికి నీకు నోరెలా... మొహమెలా వచ్చింది?"

అందరి తలలూ ఇర్మా వైపు తిరిగాయి. ఇర్మా మొహం కందగడ్డయింది. లేచి నిలబడింది.

"నన్నడిగావా నువ్వు?" అంది లూషాతో. "నా గురించి ఇంతమందిలో మాట్లాడేముందు నన్నొక్క మాట అడిగావా?"

గిన్నె కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. తలుపు గట్టిగా పడింది.

లూషా మూసుకున్న తలుపు కేసి చూసింది. అయినా వదల్లేదు. పొయ్యి పక్కన కూర్చున్న కీగన్ వైపు తిరిగింది.

"నువ్వు చెప్పరా అబ్బీ. నిన్ను తీసిందెవరు?"

వాడు బూట్ల కేసి చూశాడు. "నాకు గుర్తు లేదు," అన్నాడు.

"స్పృహ లేనప్పటి సంగతి అడగలేదు. కళ్ళు తెరిచాక మొదట కనబడ్డ మొహం ఎవరిదని అడుగుతున్నాను."

వాడు టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

"సరే," అని లూషా జనం వైపు తిరిగింది. "అందరూ సూపు తాగి వెళ్ళండి. ఈ సినిమా నా గోడ మీద ఆడదు."

ఊరంతా ఆమె పక్షాన నిలబడిందని చెప్పాలని ఉంది. కానీ అది అబద్ధం. మర్నాడు డారెన్ అదే సినిమాని హోటల్లో వేశాడు. షాపులో కూర్చున్న వాళ్ళలో సగం మంది వెళ్ళి మిగతా భాగం చూసొచ్చారు. లూషాకి వయసు మీదపడి చాదస్తం పెరిగిందని ఒకరూ, తన పేరు కూడా వెయ్యలేదన్న ఉక్రోషమని ఒకరూ అన్నారు. పిరాహీలు తిన్న నోళ్ళే ఇవన్నీ.

సోమవారం పొద్దున లూషా ఆ సినిమా పోస్టర్ బల్లమీద పరిచింది. అడుగున, ఇంకా ఎక్కడెక్కడ ఆడబోతోందో రాసి ఉంది. ఇరవై ఆరు ఊళ్ళు, ఎక్కువభాగం మాలాంటి షాపులే. ఒక్కొక్కరికీ స్పీకర్ పెట్టి ఫోన్ చెయ్యడం మొదలుపెట్టింది. నేను సానపడుతూ వింటూ ఉన్నాను. చాలామంది మర్యాదగా తప్పించుకున్నారు. ఒకాయన, "మీ ఊరి గొడవలు మాకెందుకమ్మా," అని పెట్టేశాడు. ఒకామె మాత్రం చివరిదాకా విని, "మా తమ్ముణ్ణి అలాగే మీద నిలబడి తవ్వారు," అంది. లూషా ఫోన్ పెట్టి వెనక గదిలోకి వెళ్ళింది.

మొత్తం తొమ్మిది షాపులు సినిమా వెయ్యలేదు, లేదా ఆ ముక్క తీసేసి వేశాయి. డారెన్ కంపెనీ నుంచి లాయరు ఉత్తరం వచ్చింది. లూషా దాన్ని గోడకి అంటించింది. డిసెంబరులో సినిమా అందరికీ విడుదల చేసేటప్పుడు ఆ దృశ్యం తీసేశారు. నిడివి ఎక్కువైందని తీశామన్నారు. తప్పని కాదట, నిడివి ఎక్కువట!

"పొడుగు!" అంది లూషా. "అబద్ధం పొడుగైందట!"

ఇర్మా మూడు నెలలు షాపు గడప తొక్కలేదు. జనవరి మొదటి వారంలో స్కీలు భుజాన వేసుకుని వచ్చింది. బల్లమీద పడేసి, "అంచులు మొద్దుబారాయి," అంది నాతో. తర్వాత లూషా వైపు తిరిగింది.

"నువ్వన్నది తప్పని కాదు నా కోపం. అంతమంది ఒక్కసారి నా కేసి చూశారు చూడూ, అందుకు."

"అడగాల్సింది. తప్పే," అంది లూషా.

ఇర్మా కోటు జేబులోంచి చిటికెన వేలి గోరంత కెమెరా చిప్పు తీసి బల్లమీద పెట్టింది. కీగన్ పోస్టులో పంపాడట. కవరు మీద వాడి ఊరి ముద్ర తప్ప ఉత్తరం లేదు, సంతకం కూడా లేదు. ఆ రోజు తవ్విన ఆ ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడి టోపీకి ఉన్న కెమెరాలో పడిన బొమ్మ.

"పిల్లలకి పనికొస్తే వేసి చూపించు. నేను మాత్రం రాను."

ఆ శనివారం వేశాం. అరవై మంది వచ్చారు. అంతా బూడిద రంగు మసక. మంచు కురుస్తోంది. డారెన్ చెప్పింది ఆ ఒక్కటే నిజం, చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. ఇర్మా గొంతు మాత్రం స్పష్టంగా వినబడింది. ఆ కుర్రాళ్ళిద్దర్నీ బస్సులో అల్లరి చేసే పిల్లల్ని కసిరినట్టే కసిరింది. "కిందికి రా! వాడి మీదనుంచి దిగు! దిగరా గాడిదా!" అంటోంది. తర్వాత పారల చప్పుడు, రొప్పు. సంగీతం లేదు. పదకొండు నిమిషాలు ఎంత పొడుగో అప్పుడు తెలిసింది మాకు. బతికాడని తెలిసి కూడా చూడలేకపోయాం. చివర్న మంచులోంచి నీలం మొహం కనబడితే ఒక తల్లి లేచి బయటికి వెళ్ళిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మంగలి షాపు పిల్ల, "తవ్విన చోటు మళ్ళీ చూపించండి," అంది. మూడుసార్లు చూపించాను.

జనం వెళ్ళాక బల్లలు సర్దుతూ, "వాడు చిప్పయినా పంపాడు, నయమే కదా," అన్నాను లూషాతో.

"నయమా? స్టాంపు అంటించడానికి ధైర్యమెందుకు? ఆ రోజు ఆమె పేరు పలకడానికి కావాలి ధైర్యం. రెండక్షరాలు. అవి పలకలేకపోయాడు వెధవ," అంది.

డారెన్ కంపెనీ సినిమా ఈ యేడు హోటల్‌కి వెళ్ళింది. మాకు ఇంకెవరో చిన్నవాళ్ళు తీసింది ఒకటి దొరికింది. వెయ్యడానికి ముందు లూషా తలుపు మూసుకుని ఒక్కతే కూర్చుని, మొదట్నుంచి చివరిదాకా రెండుసార్లు చూసింది.