జెనెల్ నోరు, లోర్నా ఫోను

ఆ ఇంట్లో ఫోన్లు రెండు, లైను ఒకటి. ఒక ఫోను వంటింటి గోడకి, ఇంకొకటి నేలమాళిగలో బట్టల మిషను పక్కన. రెండిటికీ కలిపి మాట్లాడే నోరు మాత్రం ఒక్కటే, జెనెల్‌ది. పదమూడు నిండడానికి ఇంకా ఐదు వారాలుంది గానీ మాటల్లో ఎప్పుడో ముప్పై దాటేసింది. బడిలో రోజంతా బెకీ పక్కనే కూర్చుంటుందా, ఇంటికొచ్చి కోటైనా విప్పకుండా మళ్లీ బెకీకే ఫోను!

"పొద్దున్నించీ చూసిన మొహమేగా, ఇంకా ఏం మిగిలాయే మాటలు?" అనేది తల్లి లోర్నా.

"చూస్తే సరిపోతుందా? క్లాసులో మాట్లాడనివ్వరు కదమ్మా!"

వసపిట్ట అంటే అదే. లోర్నా అలా కాదు. అమెరికాలో, మినెసోటాలోని వాళ్ల ఊరివాళ్లు మూడోసారి బతిమాలితే గానీ కాఫీ కూడా పుచ్చుకోరు. లోర్నా అయితే నాలుగోసారికి గానీ కప్పు ముట్టదు.

కుట్టు ఫ్యాక్టరీ మూతపడ్డాక రెండేళ్లుగా ఆమె ఇంట్లోనే ఉంటోంది. ఇప్పుడు బడి వంటగదిలో ఒక ఉద్యోగం ఖాళీ అయింది. అది ఎంత కావాలనుకుందో మొగుడికి కూడా చెప్పలేదు. పెద్ద వంటావిడ మిసెస్ బాకెన్ గురువారం నాలుగుకీ ఐదుకీ మధ్య ఫోను చేస్తానంది. జాబితాలో మొదటి పేరు లోర్నాది. ఐదు దాకా దొరక్కపోతే రెండో పేరు పిలుస్తారు.

"గురువారం ఫోను ముట్టుకున్నావో, వేళ్లు విరగ్గొడతాను!"

"దొంగని చూసినట్టు చూస్తావేంటమ్మా నన్ను!"

గురువారం రానే వచ్చింది. జెనెల్ పెదాలు బిగించుకుని కుర్చీలో కూర్చుంది. లోర్నా లిప్‌స్టిక్ వేసుకుంది. ఫోనుకి లిప్‌స్టిక్కేమిటో! నాలుగైంది, నాలుగున్నరైంది. ఫోను మోగదు.

"పనిచేస్తోందో లేదో ఒకసారి తీసి చూడనా?"

"తియ్యకు! సరిగ్గా అప్పుడే ఆవిడ చేస్తే ఎంగేజ్ వస్తుంది."

ఐదుకి ఒక్క నిమిషముందనగా తలుపు దబదబా మోగింది. సైకిలు తొక్కుకుంటూ వచ్చిన బెకీ! కోపంతో మొహం కందిపోయి ఉంది.

"ఇవాళ ఫోను ముట్టుకోనని నాతో చెప్పి, ఎవత్తెతోనే కబుర్లు? మూడున్నర నుంచీ చేస్తున్నా, ఎంగేజే ఎంగేజ్!"

లోర్నా చూపు నేలమాళిగ మెట్ల మీదికి పోయింది. "నీ పనేనే ఇది! నా కొంప ముంచావు కదే!" అని కూతురి మీద అరుస్తూనే నేలమాళిగలోకి పరుగెత్తింది. బట్టల మిషను మీద రిసీవరు వెల్లకిలా పడి ఉంది. పక్కనే, పొద్దున్నించీ వెతుకుతున్న తన కళ్లద్దాలు.

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున అక్క వెర్నాతో మాట్లాడుతుంటే మిషనులోంచి నురగ పొంగింది. "ఉండక్కా" అని రిసీవరు అక్కడ పెట్టి తుడుపుగుడ్డ కోసం పరిగెత్తింది. అంతే! అక్కనీ మరిచిపోయింది, ఫోనునీ మరిచిపోయింది.

"అయ్యో... నేనేనే" అంది, వెనకే దిగొచ్చిన కూతురితో నీరసంగా.

రిసీవరు పెట్టేసి పైకొచ్చారు. ఐదయింది. మీద నాలుగు నిమిషాలు కూడా గడిచాయి.

"నువ్వే చెయ్యమ్మా ఆవిడకి."

"ఛీ! ఉద్యోగమిమ్మని మనంతట మనమే అడుగుతామా? తల కొట్టేసినట్టుంటుంది. పోనీలే, వేరేవాళ్లకీ అవసరమేగా." పోనీలే అంటూనే మళ్లీ గడియారం వంక చూసింది.

"అడగందే అమ్మైనా పెట్టదు!" అని జెనెల్ రిసీవరు అందుకుంది. ఊళ్లోవాళ్ల నంబర్లన్నీ దానికి కంఠతా వచ్చు. లోర్నా లాక్కునేలోగా అవతల పలికారు.

"మిసెస్ బాకెన్ గారాండీ? జెనెల్‌నండీ. మా అమ్మ నాలుగింటి నుంచీ లిప్‌స్టిక్ వేసుకుని మరీ మీ ఫోను కోసం కూర్చుందండీ!"

లోర్నా రెండు చేతుల్లో మొహం దాచుకుంది. అవతలి గొంతు గదంతా వినబడేంత పెద్దది.

"నాలుగుసార్లు చేశానే పిల్లా! ఎంగేజే. ఇప్పుడే రెండో పేరుకి చెయ్యబోతున్నా. అంతసేపు ఎవరే ఫోనులో?"

తప్పు ఒప్పేసుకుందామని లోర్నా చెయ్యి చాచింది. జెనెల్ తల్లి వంకే చూస్తూ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇంకెవరండీ, నేనే. నా నోటి సంగతి మీకు తెలీదా?"

"అనుకున్నానే!" ఆవిడ పకపకా నవ్వింది. "సోమవారం ఆరున్నరకి రమ్మను. ఏదీ, అమ్మకివ్వు."

బెకీ ఏదో అనబోయింది. జెనెల్ మోచేత్తో పొడిచింది. లోర్నా రిసీవరు అందుకుని, రెండో చేత్తో కూతుర్ని గట్టిగా దగ్గరికి లాక్కుంది.

"హలో? లోర్నా? లైన్లో ఉన్నావా?"

జెనెల్ రిసీవరు వైపు వంగింది.

"ఉందండీ. ఏడుస్తోందంతే."