సిద్ధిరాములు చేర్చిన అర్థం

సిద్ధిరాములు చదివింది ఏడో తరగతి. పోచంపల్లిలో మగ్గం కూడు పెట్టక దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, ఒక చోట టైపు నేర్చుకొని, చైతన్యపురి మెయిన్‌రోడ్డు పక్క గల్లీలో కోచింగ్ సెంటర్ మెట్ల కింద రెండు కంప్యూటర్లతో దుకాణం పెట్టాడు. పదిహేనేళ్లుగా ఆ చుట్టుపక్కల పిల్లలు చదివే మెటీరియల్ సగం ఆయన చేతి మీదుగానే పోయింది. అర్థం తెలియకుండా అక్షరం కొట్టడం ఆయనకు గిట్టదు. కొత్త ఇంగ్లిషు మాట వస్తే పక్కనున్న తెలుగు చదివి, లోపల ఒకసారి అనుకొని గానీ ముందుకు పోడు. అట్లా కూడబెట్టిన ఇంగ్లిషే ఆయనకున్న ఇంగ్లిషు.

ఆ కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లిషు చెప్పే సూర్యప్రభది తెనాలి దగ్గర పల్లె. పెళ్లయి వచ్చి మన్సూరాబాద్‌లో ఇరవై రెండేళ్లుగా ఉంటోంది. పోటీ పరీక్షల పిల్లల కోసం ఆమె ఒక పుస్తకం రాసింది. రోజూ వాడే ఇంగ్లిషు మాటలు, ఒక్కోదానికి ఎన్ని అర్థాలు, ఏ మాటకు ఏ మాట దగ్గరది, ఇదీ అందులో సంగతి. ‘సెటిల్’ ఒక్కదానికే రెండు పేజీలు పట్టింది. ఒక చోట స్థిరపడటం, తగువు తేల్చడం, పక్షి కొమ్మ మీద వాలడం, నీళ్లలో మడ్డి అడుక్కి దిగడం, మనసు కుదుటపడటం. అద్దకం తొట్టిలో రంగు అడుక్కి చేరడానికీ, డిగ్రీ అయి మూడేళ్లయినా కొడుకు శ్రవణ్‌కుమార్ సెటిల్ కాలేదని భార్య వజ్రమ్మ రోజూ దిగులుపడటానికీ మాట ఒకటేనని తెలిసి సిద్ధిరాములు టైపు చేస్తూనే నవ్వుకున్నాడు.

అది రెండు వేల పదకొండు సెప్టెంబరు. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు. కోచింగ్ సెంటర్లు ఒకరోజు తెరిస్తే రెండు రోజులు మూస్తున్నాయి. శ్రవణ్‌కుమార్ పొద్దున్నే జెండా పట్టుకొని ఎల్బీనగర్ చౌరస్తాకు పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. ధర్నా కరపత్రాలన్నీ సిద్ధిరాములే టైపు చేసి ఇస్తున్నాడు. చేతులు కీబోర్డు మీద, చెవులు రోడ్డు మీద.

అట్లాంటి ఒక మధ్యాహ్నం గృహప్రవేశం పత్రిక వేయించుకున్న కోస్తా వైపు పెద్దమనిషి ఒకడు వచ్చాడు. తాను ‘ప్రార్ధన’ అని రాసిస్తే ‘ప్రార్థన’ అని ఎందుకు వేశావని నిలదీశాడు. ఇదే సరైనదని సిద్ధిరాములు మెల్లగా చెప్పబోతే ఆయన వినలేదు. ఆయన గొంతు పెద్దది కూడా కాదు, మామూలుగానే అన్నాడు.

“మీ వాళ్లకు తెలుగే సరిగ్గా రాదు. మీకు రాష్ట్రం ఒకటి.”

సిద్ధిరాములు ‘థ’ తీసి ‘ధ’ పెట్టి, తప్పు పత్రిక అచ్చు తీసి ఇచ్చి పంపాడు. తరువాత కూర్చోలేకపోయాడు. బయటికి వెళ్లి చాయ్ చెప్పి, తాగకుండానే తిరిగొచ్చాడు. సూర్యప్రభ ప్రూఫులన్నీ దిద్దేసిన పుస్తకం ఆ సాయంత్రం ప్రెస్సుకు పోవాలి. ఫైలు తెరిచాడు. ఇక్కడికొచ్చి ఉంటున్న ఆంధ్రావాళ్లను జనం పిలిచే ‘సెటిలర్’ అన్న మాట పక్కన ఆమె ‘స్థిరనివాసి’ అని రాసింది. దాని తరువాత ఒక కామా పెట్టి, ‘ఒకరి చోట చేరి వారినే చులకన చేయువాడు’ అని కొట్టాడు. కొట్టిన క్షణం కడుపులో చల్లగా అనిపించింది. ఆ చల్లదనంలోనే పెన్‌డ్రైవ్ తీసి ప్రెస్సుకు పంపేశాడు.

మరునాటికి ఆ చల్లదనం పోయింది. ప్రెస్సుకు ఫోన్ చేద్దామని తీసి, చేస్తే ఏం చెప్పాలో తోచక పెట్టేశాడు. చేసేసరికి మూడు రోజులయింది, అచ్చు అయిపోయింది. కూరగాయలకని కొత్తపేట మార్కెట్‌కు వెళ్లి ఖాళీ సంచితో ఇల్లు చేరాడు. కరపత్రంలో తేదీ తప్పు పడింది. పదిహేనేళ్లలో అట్లా పడలేదు.

“గింత పరేషాన్ ఉన్నవేంది? పోరడు మంచిగనే వచ్చిండు గదా” అంది వజ్రమ్మ. ఆమెకు కొడుకు గురించి తప్ప వేరే బెంగ ఉంటుందని తోచలేదు.

పుస్తకాలు వచ్చిన నాలుగో రోజు, పై అంతస్తులో ఒక విద్యార్థి ఆ పేజీ పైకి చదివాడట. కొందరు నవ్వారు, కొందరు తలలు వంచుకున్నారు. ఇది మీరే రాశారా మేడం అని ఒకడు అడిగాడు. సూర్యప్రభ పుస్తకం తీసుకొని చూసి, మూసి, క్లాసు ఆపేసి బయటికి వచ్చింది. సెంటర్ నడిపే విశ్వేశ్వరరావుకు కోపం ఆగలేదు. ఇది ప్రెస్సువాడి పనేనని నిర్ణయించి, ఇక మీకు పని ఇవ్వనని ఫోన్‌లోనే చెప్పేశాడు.

ఆ మాట పడ్డది ముసలి అంతయ్య మీద. మూసారాంబాగ్‌లో చిన్న ప్రెస్సు ఆయనది. బస్సులు లేక నడుచుకుంటూ వచ్చి సిద్ధిరాములు దుకాణంలో కూలబడ్డాడు.

“నువ్విచ్చిన ఫైలే అచ్చేసిన గదా అన్నా. ఒక్క అక్షరం ముట్టలే. నువ్వొచ్చి జర చెప్పు.”

సిద్ధిరాములు ఆయనకు నీళ్లిచ్చి, అక్కడే ఉండమని మెట్లెక్కాడు. స్టాఫ్ రూములో సూర్యప్రభ ఒక్కతే ఉంది.

“గది నేనే చేర్చిన మేడం. ప్రెస్సుకు పంపే ముంగట. అంతయ్యకు ఏం తెల్వదు.”

ఆమె ఎందుకని అడిగింది. ఆయన పత్రిక సంగతి, పెద్దమనిషి సంగతి అంతా చెప్పాడు. ‘ప్రార్థన’ మీరు రాసిందే కరెక్టు అంది ఆమె. తరువాత గొంతు మారింది.

“ఆయన అన్న మాటకు నా పుస్తకంలో నన్నెందుకండీ తిట్టారు?”

“కోపమైతే ఉన్నది మేడం, లేదన. ఇప్పటికీ ఉన్నది. కానీ నా కోపాన్ని మాటకు అర్థమని రాసిన. పోరగాండ్లు పరీక్షల కోసం చదివే దాంట్ల. గది తప్పు.”

సూర్యప్రభ కిటికీ వైపు చూసింది. “ఇన్నేళ్లలో మీ మాటకు నేనూ ఎప్పుడో నవ్వే ఉంటాను. గుర్తు లేదు” అంది. సిద్ధిరాములుకు గుర్తుంది. చెప్పలేదు.

సంగతి తెలిసి విశ్వేశ్వరరావు అంతయ్యకు పని తిరిగి ఇచ్చాడు, సిద్ధిరాములుకు మాత్రం మానేశాడు. అయినా సిద్ధిరాములు మిగిలిన మూడు వందల పుస్తకాల మీద అతికించడానికి చీటీలు తనే టైపు చేస్తానన్నాడు. ఆదివారం సూర్యప్రభ మన్సూరాబాద్ నుంచి నడిచి దుకాణానికి వచ్చింది. వజ్రమ్మ జిగురు కలిపింది. చీటీ మీద ఏం వేయాలో సిద్ధిరాములు అడిగితే, మీ ఊళ్లో ఇట్లా వచ్చినవాళ్లను ఏమంటారని సూర్యప్రభ ఎదురడిగింది.

“బతకొచ్చినోడు అంటరు. నేనొచ్చిన కొత్తల నన్నూ గట్లనే పిలిచిన్రు. వినడానికి మంచిగుండదు మేడం, వద్దు.”

చివరికి ‘వేరే చోటి నుంచి వచ్చి స్థిరపడినవాడు’ అని వేశారు. మూడు వందల చీటీలు అతికించేసరికి చీకటి పడబోయింది. ఈ రాష్ట్రం రావాలా వద్దా అని మధ్యలో ఒకసారి మాట పెరిగింది, ఒకరి మాట ఒకరు ఒప్పుకోలేదు. వజ్రమ్మ చాయ్ పెట్టింది.

రాష్ట్రం వచ్చాక శ్రవణ్‌కుమార్‌కు ఉద్యోగం రావడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది. సూర్యప్రభ ఎక్కడికీ వెళ్లలేదు. రెండో ముద్రణకు చేతిరాత కట్ట పట్టుకొని ఆమె నేరుగా సిద్ధిరాములు దగ్గరికే వచ్చింది. ఆ ఫైలును ఆయన నాలుగుసార్లు చదివి, ఆమెతో చదివించి, పెన్‌డ్రైవ్ తనే మూసారాంబాగ్ దాకా తీసుకుపోయాడు. అంతయ్య మొదటి ఫారం పేజీలు అచ్చు తీసి చేతికిచ్చేదాకా సిద్ధిరాములు ప్రెస్సు గడపలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు.