అటక ఖాళీ కాకూడదని

మా పెద్దమామయ్యగారు మొన్న శనివారం పొద్దున పోయేరు. మామిడికుదురులో మా ఇంటికి కబురు తెచ్చిన పాలేరు గుమ్మంలోనే నిలబడి, "అయ్యగారు వెళ్లిపోయేరండి" అన్నాడు. మేమెవరమూ ఆశ్చర్యపోలేదు. ఆయన వెళ్లడం మొదలుపెట్టి చాలా నెలలైంది.

కురిడీ కొబ్బరి చూడడంలో ఊళ్లో ఆయన మాటే మాట. కాయల్ని పైపీచు డొక్క వలవకుండా అటక మీద ఏడాది దాకా ఉంచుతాం. లోపల నీరింకి, కొబ్బరి చిప్పని వదిలి గుండులా ఊగితే కురిడీ అయినట్టు. ఆయన కాయని చెవి దగ్గర ఒక్కసారి ఊపి, అయింది, అవలేదు, కుళ్లింది అని మూడు కుప్పలు వేసేవారు. నేను ఊపబోతే, "ఏవోయ్, పిల్లిని పట్టుకున్నట్టు పట్టుకున్నావేం? అది కరవదు" అనేవారు. షావుకారు ధర దగ్గర గొణిగితే, "నాతో బేరమెందుకండీ, కాయనడగండి" అని దాన్ని అతని చెవి దగ్గర పెట్టేవారు. నాకు ఈ పని వచ్చిందంటే ఆయన నేర్పబట్టే.

కిందటి వర్షాకాలంలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయేయి. నూనెలు మర్దనా చేసేరు, పావురం నెత్తురు రాసేరు. కొన్నాళ్లకి కర్ర పట్టుకుని నడిచేరు, మాట ముద్దగానైనా తెలిసేది. బాగుపడ్డారనుకున్నాం. అప్పుడే ఆయన మాట్లాడడం మానేసేరు. అన్నం కంచం తోసేసేవారు. గోడవైపు తిరిగి పడుకునేవారు. "ఈ మొండితనం ఎప్పుడూ లేదండీ ఈయనకి" అని అత్తయ్య ఏడ్చేది.

అమలాపురం నుంచి సైకిలు మీద వచ్చే డాక్టరుగారు మంచం పక్కన చాలాసేపు కూర్చున్నారు. "మొండితనం కాదమ్మా. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి మనసూ ఇలాగే పడిపోతుంది. ఇదీ జబ్బే. దీనికి నా దగ్గర సీసా మందు లేదు. ఒంటరిగా వదలకండి, కసురుకోకండి. ఆయన చెయ్యగల పని ఏమన్నా ఉందా?" అన్నారు.

ఎడం చెయ్యి ఉంది, చెవి ఉంది. అటక మీంచి కాయలు దించి ముందు పోసేం. మొదట్లో విసుక్కున్నారు. తరవాత ఒక్కొక్కటే ఊపడం మొదలెట్టేరు. ఓ పూట తనంతట తనే చారు అడిగేరు. నన్ను చూసి, "రావోయ్, పిల్లులవాడా" అన్నారు. అత్తయ్య వంటింట్లోకి వెళ్లి నవ్వుకుంది.

కాయలు తరిగిపోతున్నాయి. అటక ఖాళీ అయితే ఆయన మళ్లీ గోడకి తిరుగుతారని అత్తయ్యకి భయం పట్టుకుంది. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు, వేరు చేసిన కుప్పలు కలిపేసి, మర్నాడు అవే కాయలు ముందు పోసేది.

నేనుండగానే తెలిసిపోయింది. ఒక కాయని ఊపి, తిప్పి చూసేరు. తొడిమ దగ్గర ఎలక కొరికిన గాటు ఉంది.

"ఇది నిన్న చూసేను."

"కాయలన్నీ ఒకలాగే ఉంటాయి కదండీ" అంది అత్తయ్య.

"నీకు ఉంటాయి."

ఇంకొకటి ఊపేరు. మరొకటి ఊపేరు. "ఎన్నాళ్ల నుంచే?"

అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పసిపిల్లకి లక్కపిడతలిచ్చినట్టు ఇచ్చేవన్నమాట." గట్టిగా కూడా అనలేదు.

డాక్టరుగారు విని, "ఊళ్లో ఇంకెవరికీ అటకలు లేవా అమ్మా?" అన్నారు. ఉన్నాయి. ఆ సంగతి మాకు తట్టలేదు. పక్కింటివాళ్లు బండి మీద కాయలు తెచ్చి, "మీరు చెబితేగానీ వలవమండి" అన్నారు. అది వాళ్లు మనసులోంచి అన్న మాటే. ఆయన వాటివైపు చూసి, "ఇవీ నిన్నటివే" అని కళ్లు మూసుకున్నారు. డాక్టరుగారు వచ్చినా మళ్లీ తెరవలేదు. తిండి పోయింది, ఆఖర్న జ్వరం వచ్చింది.

అత్తయ్యని ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం వల్ల ఆవిడకి తేలికైందని నేననుకోను.

మామయ్యగారు పోయే ముందు ఓ పొద్దున గెడ్డం గీసే అతను వచ్చేడు. "బుగ్గ పూరించండి బాబూ" అన్నాడు. ఆయన పూరించలేదు. అతనే రెండు వేళ్లతో ఆయన ముఖం కిటికీ వైపు తిప్పి, గీసి, కత్తి తుడుచుకుని వెళ్లిపోయేడు. అతను తిప్పి వదిలిన చోటే, కిటికీ వెలుతుర్లో, ఆ ముఖం అలాగే ఉండిపోయింది.